ఊరు పోయినా సభ మిగిలింది, ఊరు మిగిలినా సభ పోయింది

పోయిన నెల ఒక మాక్ ఇంటర్వ్యూకి వెళ్లాను. ప్యానెల్‌లో ఉన్న పెద్దాయన నా ఫారం చూసి, "సొంతూరు యానామా? అంటే ఆంధ్రానే కదా" అన్నారు. "కాదండీ, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం" అన్నాను. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. 1954 నవంబర్ 1 వాస్తవ బదిలీ, 1956 మే 28 ఒప్పందం, 1962 ఆగస్టు 16 చట్టబద్ధ బదిలీ అని తేదీలన్నీ గడగడా చెప్పేశాను. ఆయన అంతా విని ఒకే మాట అడిగారు: "ఈ మార్పుకు ఓటు వేసింది ఎవరు?"

ప్రజలు అన్నాను. "ఏ ప్రజలు?" అన్నారు. అక్కడ ఆగిపోయాను.

ఆ రోజు నుంచి రొమైన్ రోలాండ్ లైబ్రరీలో కూర్చుని చదివిందీ, రూముకొచ్చి ఆలోచించిందీ ఈ ఎస్సేలో పెడుతున్నాను. సరిహద్దుల మీద ఎస్సే వస్తే మనలో చాలామంది రాడ్‌క్లిఫ్ రేఖతో మొదలుపెట్టి మెక్‌మహాన్ రేఖతో ముగిస్తాం. ఈసారి అంత పైనుంచి కాకుండా కింద నుంచి, అంటే మున్సిపాలిటీ స్థాయి నుంచి చూద్దాం.

ముందు మనకు చాలా దూరంగా ఉన్న ఒక ఉదాహరణ.

ఫిన్లాండ్: భూమి లేని మున్సిపాలిటీ

1939 నవంబర్ 30న సోవియట్ యూనియన్ ఫిన్లాండ్ మీద దాడి చేసింది. 105 రోజుల యుద్ధం తర్వాత 1940 మార్చి 13న మాస్కో శాంతి ఒప్పందం అమల్లోకి వచ్చింది. కరేలియా ప్రాంతంలో చాలా భాగం సోవియట్లకు పోయింది. పెద్ద పట్టణం వీపురి పోయింది, దాని చుట్టూ పదుల సంఖ్యలో గ్రామీణ మున్సిపాలిటీలు పోయాయి. వాటిలో ఒకటి కివెన్నాపా. సరిహద్దు పక్కనే ఉన్న వ్యవసాయ ప్రాంతం. ఎడిత్ సోడెర్‌గ్రాన్ అనే కవయిత్రి బతికి, 1923లో కన్నుమూసిన రైవోలా గ్రామం అక్కడిదే. ఇప్పుడు కివెన్నాపా పేరు పెర్వోమైస్కోయె, రైవోలా పేరు రోషినో. రెండూ రష్యాలో ఉన్నాయి.

అక్కడి జనం మాత్రం రష్యాలో లేరు. 4 లక్షల మందికి పైగా ఇళ్లు వదిలి ఫిన్లాండ్ లోపలికి వచ్చేశారు. దేశ జనాభాలో పదో వంతుకు మించిన సంఖ్య అది. 1941లో యుద్ధం మళ్లీ మొదలై ఫిన్లాండ్ ఆ ప్రాంతాన్ని తిరిగి పట్టుకున్నప్పుడు, వారిలో ఎక్కువమంది వెనక్కి వెళ్లి ఇళ్లు బాగుచేసుకున్నారు, పొలాలు దున్నుకున్నారు. 1944లో మళ్లీ ఖాళీ చేయాల్సి వచ్చింది. 1944 సెప్టెంబర్ 19 నాటి యుద్ధవిరామం ఆ నష్టాన్ని ఖరారు చేస్తే, 1947 ఫిబ్రవరి 10న పారిస్‌లో కుదిరిన శాంతి ఒప్పందం దానికి ముద్ర వేసింది.

ఇందులో మన పరీక్షకు పనికొచ్చే పాయింట్ పునరావాసం. 1945లో ఫిన్లాండ్ పార్లమెంటు భూసేకరణ చట్టం చేసింది. ప్రభుత్వం, చర్చి, కంపెనీలు, పెద్ద రైతుల భూమిలోంచి కొంత తీసుకుని, వచ్చినవారికీ యుద్ధంలో పోరాడినవారికీ పంచింది. శరణార్థి శిబిరాలు తరాల తరబడి కొనసాగలేదు. వీలైనంత వరకు ఒక మున్సిపాలిటీ రైతులను ఒకే ప్రాంతంలో స్థిరపరచాలని చూశారు. పాత ఇరుగుపొరుగు కొత్త చోట కూడా ఇరుగుపొరుగుగా ఉండాలన్నది ఆలోచన.

నన్ను ఎక్కువగా ఆపింది ఇంకో విషయం. ఊరు పోయింది, కానీ మున్సిపాలిటీ వెంటనే రద్దు కాలేదు. భూమి శత్రువు చేతిలో ఉన్నా, చట్టం దృష్టిలో ఆ మున్సిపాలిటీలు 1940ల చివరి దాకా బతికే ఉన్నాయి. వాటి ఆస్తులు, అప్పులు, రికార్డులు చూసుకోవడానికి మనుషులు ఉన్నారు. లెక్కలన్నీ తేలాకే మూసేశారు. ఆ ప్రాంతాల ప్రతినిధులు కలిసి 1940 ఏప్రిల్‌లోనే కరేలియన్ లీగ్ పెట్టుకున్నారు. తమవారి నష్టపరిహారం కోసం, భూమి కోసం దాని ద్వారా మాట్లాడారు. అడుగు నేల కూడా లేని ఊళ్లకు మాట్లాడే గొంతు ఉంది.

పుదుచ్చేరి: యుద్ధాలు గీసిన గీతలు

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. పుదుచ్చేరి మ్యాపు చూసినవాళ్లకు తెలుస్తుంది, అది ఒక ముక్క కాదు. బస్సులో విల్లియనూరు వైపు వెళ్తుంటే తమిళనాడు వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. కారైకాల్ వేరే చోట, మాహే కేరళ తీరంలో, మా యానాం 800 కిలోమీటర్లు దాటి గోదావరి ఒడ్డున, కాకినాడకు కూతవేటు దూరంలో. ఇలా ఎందుకుందంటే యూరప్‌లో జరిగిన యుద్ధాల వల్ల.

మన తెలుగు నేల మీద ఫ్రెంచివారి చేతిలో ఒకప్పుడు ఉన్నది యానాం ఒక్కటే కాదు. 1753లో బుస్సీకి నిజాం నుంచి ఉత్తర సర్కారులు దక్కాయి. శ్రీకాకుళం నుంచి ఏలూరు దాకా, కొండపల్లి వైపు వరకు అన్నమాట. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తి యుద్ధంలో కల్నల్ ఫోర్డ్ ఫ్రెంచి సేనను ఓడించాడు. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. 1761 జనవరిలో పుదుచ్చేరి కూడా పడింది, ఇంగ్లీషువాళ్లు పట్టణాన్ని నేలమట్టం చేశారు. 1763 ఫిబ్రవరి 10న కుదిరిన పారిస్ ఒప్పందంతో ఫ్రెంచివారికి కొన్ని స్థావరాలు తిరిగొచ్చాయి, సర్కారులు రాలేదు.

తేదీ గమనించారా? 1763 ఫిబ్రవరి 10, పారిస్. 1947 ఫిబ్రవరి 10, పారిస్. 184 ఏళ్ల తేడాతో ఒకే నగరంలో, ఒకే తారీఖున రెండు దూర ప్రాంతాల సరిహద్దులు కాగితం మీద ఖరారయ్యాయి. ఇది కాకతాళీయమే, ఎస్సేలో దీన్నుంచి సిద్ధాంతం తీయకండి. కానీ రెండు సందర్భాల్లోనూ ఒక పోలిక నిజం: ఆ బల్ల దగ్గర చందుర్తి రైతు లేడు, కివెన్నాపా రైతూ లేడు.

ఆ తర్వాత కూడా 1778లో, 1793లో, 1803లో పుదుచ్చేరి ఇంగ్లీషువాళ్ల చేతికి వెళ్లి, యుద్ధాలు ముగిశాక తిరిగొచ్చింది. నెపోలియన్ ఓడిపోయాక ఫ్రాన్స్‌కు చివరగా దక్కినవి ఐదు స్థావరాలు: పుదుచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చందన్‌నగర్. వీటితో పాటు మచిలీపట్నం ఫ్రెంచిపేట లాంటి చిన్న చిన్న వాడలు. ఆ వాడలను ఫ్రాన్స్ 1947 అక్టోబరులో భారతదేశానికి అప్పగించింది.

ఓటు వేసింది ఎవరు?

1880 మార్చి 12 నాటి డిక్రీతో ఫ్రాన్స్ తన స్థావరాల్లో కమ్యూన్లు ఏర్పాటు చేసింది. కమ్యూన్ అంటే మున్సిపల్ కౌన్సిల్, దానికో మేయర్. మేయర్ ఉండే భవనాన్ని మేరీ అంటారు. యానాం కూడా అప్పుడే ఒక కమ్యూన్ అయింది. ఓటరు జాబితాల్లో అక్రమాలు, ఎన్నికల్లో దౌర్జన్యాలు చాలానే జరిగాయి, దాన్ని దాచనక్కర్లేదు. అయినా ఒక చిన్న ఊరికి తనదైన ఎన్నికైన సభ ఉండటం అనే అలవాటు ఇక్కడ 19వ శతాబ్దంలోనే మొదలైంది.

ఆ అలవాటే 1954లో పనికొచ్చింది. 1946 ఫ్రెంచి రాజ్యాంగం 27వ ఆర్టికల్ ప్రకారం, సంబంధిత ప్రజల సమ్మతి లేకుండా భూభాగం అప్పగింత చెల్లదు. చందన్‌నగర్‌లో 1949 జూన్ 19న నేరుగా రెఫరెండం పెట్టారు. 7,473 మంది భారత్ వైపు, 114 మంది ఫ్రాన్స్ వైపు ఓటేశారు. మిగతా నాలుగు చోట్ల ఆ దారి ముందుకు సాగలేదు. 1954 మార్చిలో పుదుచ్చేరి, చుట్టుపక్కల కమ్యూన్ల మేయర్లు, కౌన్సిళ్లు రెఫరెండం అక్కర్లేదు, విలీనం కావాలని తీర్మానాలు చేశారు. మా యానాంలో దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో 1954 జూన్ 13న ఫ్రెంచి పాలన ముగిసింది. చివరికి 1954 అక్టోబర్ 18న కీళూరు అనే పల్లెలో ప్రతినిధి సభ సభ్యులు, మున్సిపల్ కౌన్సిలర్లు కలిపి 178 మంది ఓటేశారు. 170 మంది విలీనానికి అనుకూలం, 8 మంది వ్యతిరేకం. మూడు రోజుల తర్వాత ఢిల్లీలో ఒడంబడిక, నవంబర్ 1న బదిలీ.

మాక్ ఇంటర్వ్యూలో నేను చెప్పలేకపోయిన జవాబు ఇదే. ఈ సరిహద్దును మార్చిన ఓటు ఎక్కువగా కౌన్సిలర్లది. వీధి దీపం, మురుగు కాల్వ, జనన ధ్రువపత్రం చూసుకునే మనుషులు ఒక రోజు కూర్చుని ఏ దేశంలో ఉండాలో తేల్చారు. పరోక్ష ఓటు సరిపోతుందా, చందన్‌నగర్‌లాగా ప్రతి ఓటరునీ అడగాల్సిందా అన్నది మంచి చర్చాంశం. ఎస్సేలో రెండు వైపులా రాయొచ్చు. కానీ కనీసం అడగడానికి ఒక సభ ఉంది.

1956 ఒప్పందంలో ఇంకో ముఖ్యమైన మాట ఉంది. 1954 నవంబర్ 1కి ముందున్న ప్రత్యేక పరిపాలనా హోదా ఈ స్థావరాలకు కొనసాగుతుంది, దాన్ని మార్చాలంటే ముందు ప్రజల అభీష్టం తెలుసుకోవాలి. కాకినాడ పక్కనున్న యానాం ఇవాళ్టికీ పుదుచ్చేరిలో ఎందుకుందో అర్థం కావాలంటే ఈ రెండో ఆర్టికల్ చదవాలి. 1979 జనవరిలో పొరుగు రాష్ట్రాల్లో కలిపేసే మాట వచ్చినప్పుడు పుదుచ్చేరిలో ఎంత ఆందోళన జరిగిందో కూడా దీంతో కలిపి చూడాలి. అదే ఒప్పందం పౌరసత్వానికీ ఆరు నెలల గడువుతో ఎంపిక ఇచ్చింది. ఇక్కడ పుట్టి ఇక్కడే ఉంటున్న ఫ్రెంచి పౌరులు భారతీయులవుతారు, కావాలనుకుంటే రాతపూర్వకంగా చెప్పి ఫ్రెంచి పౌరులుగానే ఉండొచ్చు. కొన్ని వేల మంది అలా ఉండిపోయారు. ఇప్పటికీ ఫ్రెంచి అధ్యక్ష ఎన్నికలకు పుదుచ్చేరిలో పోలింగ్ జరగడానికి కారణం అదే.

విలీనం నాటికి మా తాతయ్యకు పదకొండేళ్లు. ఇంటర్వ్యూ నుంచి వచ్చాక ఫోన్ చేసి అప్పుడు ఎలా ఉండేదని అడిగాను. "ఏముందిరా, జెండా మారింది, బళ్లో పాట మారింది. మనం మాత్రం అదే అరుగు మీద కూర్చున్నాం" అన్నాడు. కివెన్నాపాలో తాతయ్య కంటే కొన్నేళ్లు పెద్ద పిల్లలు అప్పటికి రెండుసార్లు ఇల్లు వదిలి బండెక్కారు.

తర్వాత ఆ సభలు ఏమయ్యాయి?

ఇక్కడే నాకు మనసు చివుక్కుమనే భాగం. ఏ కౌన్సిళ్ల సాక్షిగా ఈ ప్రాంతం భారతదేశంలో కలిసిందో, ఆ కౌన్సిళ్లకు 1968లో ఎన్నికలు జరిగాయి. తర్వాతి ఎన్నికలు 2006లో. మధ్యలో 38 ఏళ్లు. ఈ మధ్యలోనే 1973 చట్టాలతో పాత కమ్యూన్లు కొన్ని మున్సిపాలిటీలయ్యాయి, కొన్ని కమ్యూన్ పంచాయతీలయ్యాయి. ఇప్పుడు 5 మున్సిపాలిటీలు, 10 కమ్యూన్ పంచాయతీలు. కమ్యూన్ అనే ఫ్రెంచి మాట, పంచాయతీ అనే మన మాట కలిసి ఒకే బోర్డు మీద కనిపించడం చూడముచ్చటగానే ఉంటుంది.

73, 74వ సవరణలు వచ్చింది 1992లో. 1993 నుంచి అమలు. 243 ఈ, 243 యూ ఆర్టికల్స్ ప్రకారం ఐదేళ్ల గడువు ముగియకముందే ఎన్నిక పూర్తి కావాలి. 243 ఎల్, 243 జడ్‌బీ ప్రకారం ఇవి కేంద్రపాలిత ప్రాంతాలకూ వర్తిస్తాయి. కిషన్‌సింగ్ తోమర్ కేసులో 2006లో సుప్రీంకోర్టు ఈ గడువు పాటించి తీరాలని స్పష్టంగా చెప్పింది. అదే ఏడాది పుదుచ్చేరిలో ఎన్నికలు జరిగాయి. 2011లో ఆ పాలకవర్గాల గడువు ముగిసింది. ఆ తర్వాత పదేళ్లు దాటినా కొత్త పాలకవర్గాలు రాలేదు. 2021లో ఎన్నికల ప్రకటన వచ్చింది, రిజర్వేషన్ల వివాదం కోర్టుకు వెళ్లింది, ఎన్నిక ఆగిపోయింది.

2006లో తాతయ్య నన్ను చెయ్యి పట్టుకుని పోలింగ్ బూత్‌కి తీసుకెళ్లాడు. ఆయన వేలి మీద సిరా చూసి నాకూ పెట్టమని ఏడ్చానట. నాకు ఓటు హక్కు వచ్చాక అసెంబ్లీకి వేశాను, పార్లమెంటుకు వేశాను. మా వార్డుకు వేసే అవకాశం రాలేదు. లక్ష్మీకాంత్ పుస్తకంలో పంచాయతీరాజ్ అధ్యాయం ఎన్నిసార్లు రివిజన్ చేశానో లెక్కలేదు. నేను చదివిన వ్యవస్థ నా ఇంటి ముందు మాత్రం లేదు.

పుదుచ్చేరి బీచ్ రోడ్డులో మేరీ భవనం ఉంది. 19వ శతాబ్దపు కట్టడం, 2014 నవంబరులో వానలకు కూలిపోయింది. పాత రూపంలోనే మళ్లీ కట్టారు, 2021లో ప్రారంభించారు. తెల్లగా, చాలా అందంగా ఉంది. సాయంత్రం నడకకు వెళ్లినప్పుడు జనం దాని ముందు నిలబడి ఫొటోలు దిగుతుంటారు. మేయర్ ఇల్లు తిరిగొచ్చింది. అందులో కూర్చోవాల్సిన సభ ఇంకా రాలేదు.

కాస్త వెడల్పుగా చూస్తే

"కమిషనర్లున్నారు, పనులు జరుగుతున్నాయి కదా, సభ లేకపోతే నష్టమేంటి?" అని ఒక మిత్రుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అధికారి పని చేయగలడు, చాలాసార్లు బాగానే చేస్తాడు. మనం కావాలనుకుంటున్నదీ ఆ కుర్చీయే. కానీ అధికారి ఊరి తరఫున ఒప్పుకోలేడు, కాదనలేడు. ఊరిని ఏదైనా అడగాల్సి వచ్చినప్పుడు ఎవరిని అడగాలి అన్నదే అసలు సమస్య.

2014లో పోలవరం ముంపు కోసం ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల ప్రాంతాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌కు మార్చారు. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, దాని పక్కనే ఉన్న పురుషోత్తపట్నం ఆంధ్రలోకి వెళ్లింది, రాముడి గుడి ఒక రాష్ట్రంలో, గుడి మాన్యం ఇంకో రాష్ట్రంలో. 1959 దాకా అదే భద్రాచలం తూర్పు గోదావరిలో ఉండేదని గుర్తుంచుకోండి. మూడో ఆర్టికల్ ప్రకారం రాష్ట్ర సరిహద్దు మార్చేటప్పుడు పార్లమెంటు ఆ పంచాయతీలను అడగాల్సిన పని లేదు. కానీ షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు, పునరావాసానికి ముందు గ్రామసభను లేదా తగిన స్థాయి పంచాయతీని సంప్రదించాలని 1996 పెసా చట్టం చెబుతుంది. సంప్రదించాలంటే సభ ఉండాలి, ఉన్న సభ బలంగా ఉండాలి.

2015లో 100వ సవరణతో భారత్, బంగ్లాదేశ్ ఎన్‌క్లేవులు మార్చుకున్నాయి. 111 మనవి అటు, 51 వాళ్లవి ఇటు. ఏ దేశ పౌరులుగా ఉంటారో అక్కడి జనాన్ని అడిగారు, అది మంచి పద్ధతి. కానీ అంతకు ముందు దశాబ్దాల తరబడి ఆ ఊళ్లకు పంచాయతీ లేదు, ఓటు లేదు. వాళ్ల గోడు ఢిల్లీకి చేరడానికి అన్నేళ్లు పట్టడంలో ఆశ్చర్యమేముంది?

ఈ ఉదాహరణలన్నిటినీ పక్కపక్కన పెడితే నాకు తోచింది ఇది. సరిహద్దు మార్పు ఎప్పుడూ పైనుంచే వస్తుంది, యుద్ధం వల్లనో ఒప్పందం వల్లనో చట్టం వల్లనో. దాన్ని ఊరు ఆపలేకపోవచ్చు. ఆ దెబ్బ ఊరి మీద ఎంత గట్టిగా పడుతుందన్నది మాత్రం ఆ ఊరికి తన గొంతు ఉందా లేదా అన్నదాని మీద చాలా వరకు ఆధారపడుతుంది. కివెన్నాపా వాళ్లు నేలంతా పోగొట్టుకుని కూడా లెక్క అడిగారు. మేము అంగుళం నేల పోగొట్టుకోకుండానే అడిగే చోటు పోగొట్టుకున్నాం. అయితే ఒక తేడా ఉంది. కివెన్నాపా తిరిగి రాదు. మా సభ రావడానికి ఒక ఎన్నిక చాలు.

మిత్రులారా, మెయిన్స్‌లో స్థానిక పాలన మీద ప్రశ్న వస్తే నిధులు, విధులు, ఉద్యోగులు అని మూడు మాటలు రాసి వదిలేయకండి. కీళూరులో 178 మంది ఒక రోజు ఏం చేశారో ఒక పేరా రాయండి. నేను మళ్లీ మాక్ ఇంటర్వ్యూకి పేరిచ్చాను. ఆ పెద్దాయన అదే ప్రశ్న వేస్తే ఈసారి జవాబు ఉంది. "మరి ఇప్పుడు ఎవరు ఓటేస్తున్నారు?" అని ఆయన అడిగితే ఏం చెప్పాలో మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను. మీరైతే ఏం చెబుతారు?